పిల్లలకు దేశాంతర కథలు: జపాను బొమ్మల పండుగ



సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టు నింట పిల్లలకు జపాను దేశమును గూర్చి చెప్పుట మిక్కిలి సులభము. అచ్చటను బాలికలకు బొమ్మల పండుగ గలదు. దానిని హినమత్సురి యందురు. మార్చి 3వ తేదీకి ఎఱ్ఱని వస్త్రము పఱచిన మెట్లపై బొమ్మలను గొలువు దీర్తురు. పై మెట్టున రాజదంపతులు, వారి క్రింద మువ్వురు పరిచారికలు, ఆ క్రింద నైదుగురు వాద్యకారులు. తల్లి బొమ్మలు కూఁతునకు వచ్చును. పండుగ కడచిన వెంటనే వానిని పెట్టెలో సర్దకున్న పిల్లకు పెండ్లి యాలస్యమగునని వారి పెద్దలందురఁట. ఇట్టి మాటలు మన ముత్తవ్వల నోటను వినఁబడునవే గదా!

క్రైస్తవ బోధకుల కథ చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము కొందఱు తల్లులు సంకోచింతురు. పల్నాటి వారి కీ సంకోచము తగదని నా యభిప్రాయము. ఆ కథ మన గురజాలలోనే నడచినది. జర్మనీలోఁ బుట్టి యమెరికాలో స్థిరపడిన హేయరు అను లూథరను బోధకుఁడు 1842లో గుంటూరు చేరెను. నడుమ నమెరికాకు మరలి వైద్యవిద్య నభ్యసించి, తిరిగి వచ్చి, 1849లో గురజాలకుఁ బోయి నివసించెను. ఆయన మతబోధకే వచ్చెనను మాట దాఁచనక్కఱలేదు. ఉన్నది యున్నట్లు చెప్పుఁడు. బ్రహ్మనాయుని చాపకూటి కథ వినిన మన పిల్లలకు, ఊరి వెలుపలి పల్లెలలోఁ గూర్చుండి మాటాడిన బోధకుఁడు వింతగాఁ దోఁపఁడు.

హేయరు గతించిన 1873వ సంవత్సరముననే జపానులో క్రైస్తవమును నిషేధించు ప్రకటన ఫలకములను దీసివేసిరి. అంతకు మున్ను రెండున్నర శతాబ్దములకుఁ బైగా అచ్చట నా మతము నిషిద్ధము.

పిమ్మట నా దేశమునకుఁ బోయిన బోధకులలో సిడ్నీ గ్యూలిక్కు ఒకఁడు. పాతికేండ్లు జపానులో నుండి స్వదేశమగు నమెరికాకు మరలెను. 1924లో అమెరికా జపానువారి వలసను మాన్పుచు శాసనము చేసెను. పెద్దల మనసులు విఱిగినవి. పిల్లల మనసులైనఁ గలుపుదమని యాయన తలఁచెను. 1927 హినమత్సురికి అమెరికా పిల్లలచేఁ బండ్రెండు వేలకుఁ బైగా బొమ్మలను బంపించెను. జపాను బాలికలు ఆ యేటనే, సారెకు బదులు సారె యన్నట్లు, 58 బొమ్మలను బంపిరి. ఒక్కొక్కటి పట్టు కిమోనో ధరించి, తన వెంట చిన్న చిన్న గృహోపకరణములు గొని పోయినదఁట!

1941లో ఆ రెండు దేశములకు యుద్ధము వచ్చెను. శత్రువుల బొమ్మలని జపానులోఁ బెక్కింటిని గాల్చిరి. కొందఱు ఉపాధ్యాయులు మాత్రము కొన్నిటిని రహస్యముగా దాఁచిరి. రమారమి మున్నూఱు నేఁటికిని నిలిచియున్నవి.

ఈ భాగము వినినప్పుడు మా యమ్మాయి "బొమ్మ యేమి చేసినదమ్మా?" యని యడిగెను. ఏమియు చేయలేదంటిని. "మఱి కాల్చిన వారు చెడ్డవారా?" యనెను. వారును మొన్నటి వఱకు నా బొమ్మలకుఁ బండుగ చేసినవారే యంటిని. అది చాలసేపు మాటాడలేదు. కథలోని యీ ఘట్టమును విడిచి తీపిగా ముగింపవలదు. పిల్లలు తట్టుకొందురు.

వచ్చు సంక్రాంతికిఁ గొండపల్లి బొమ్మల ప్రక్కన, క్రింది మెట్టున, రంగుకాగితపు కిమోనో తొడిగిన బొమ్మ నొకదాని నుంచుఁడు. పేరంటమునకు వచ్చినవారు అది యెవరని యడుగకమానరు. అప్పుడు మీరు పలుకక, మీ పిల్లనే చెప్పనిండు.