దెబ్బ కనపడని హింస

"కొట్టినాడా?"

నంద్యాల జిల్లా గోస్పాడు చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, రాయలసీమలో ఎక్కడైనా కాపురం బాగాలేదని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను ముందుగా అడిగేది ఇదే. "లేదు" అంటే పంచాయితీ అక్కడితో సరి. తాగడు, కొట్టడు, ఇంకేం కావాలి? అలా అడిగేది చాలాసార్లు తల్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో దాదాపు 84 శాతం మంది ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. దెబ్బకే ఇంత మన్నింపు ఉన్నచోట మాటను ఎవరు లెక్కచేస్తారు?

చట్టం లెక్కచేసింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం మూడో సెక్షన్ మాటలతో గాయపరచడాన్నీ, మనసుతో ఆడుకోవడాన్నీ హింసే అంది. మగబిడ్డను కనలేదన్న ఎత్తిపొడుపు అందులో విడిగా ఉంది. ఈ చట్టం కింద పనిచేసే రక్షణాధికారి నింపే ఫారం ఇంకా లోతుకు పోతుంది: శీలాన్ని శంకించాడా, ఇల్లు కదలనివ్వలేదా, ఫలానావాళ్లను కలవొద్దన్నాడా, చస్తానని బెదిరించాడా? ఆ చివరిది చూడండి. "నువ్వు పోతే పురుగుల మందు తాగుతా" అంటే మనవాళ్లు ప్రేమ కింద జమకడతారు. ఫారం హింస కింద రాసుకుంటుంది. నా ఓటు ఫారానికే.

అయినా ఆమె ఎందుకు వదిలిరాదు? రాత్రి ఏడిపించినవాడే పొద్దున మల్లెపూలు తెస్తాడు కాబట్టి. ఈలోగా ఆమెకు వేరే మనుషులు లేకుండా పోతారు. ఫోన్లో నంబర్లు తగ్గుతాయి, అమ్మగారింటికి రాకపోకలు తగ్గుతాయి, పొదుపు సంఘం లోను ఆమె పేరున వచ్చి అతని జేబులోకి పోతుంది. గాయం చేసేదీ అతడే, ఓదార్చేదీ అతడే. ఒకరిది పైచేయిగా ఉండి, హింసా ఆప్యాయతా మార్చి మార్చి వస్తుంటే బంధం తెగకపోగా బిగుస్తుందని డటన్, పెయింటర్ అనే పరిశోధకులు 1981లోనే వివరించారు. దాన్ని ఆమె పిరికితనమనడం అన్యాయం.

ఇంగ్లండ్ 2015లో దగ్గరి మనిషిని ఇలా అదుపులో పెట్టుకోవడాన్నే నేరం చేసింది. మన గృహహింస చట్టం శిక్షకన్నా ముందు రక్షణ చూస్తుంది. పెళ్లయి ఆళ్లగడ్డ పోయిన అమ్మాయి గోస్పాడులో పుట్టింట ఉంటే, పుట్టింటి వైపు కోర్టులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలి. రక్షణాధికారికి సమాచారం ఆమే ఇవ్వాలనీ లేదు. పక్కింటివాళ్లయినా ఇవ్వొచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181కి మీరైనా ఫోన్ చేయొచ్చు.