మగ్గాల మోతలో వినిపించని పిలుపు

సూరత్ నగరంలో మరమగ్గాల చప్పుడుకు రాత్రీ పగలూ భేదం లేదు. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఆ చప్పుడు నడుమనే బిడ్డలను పెంచుకొన్నాయి. పిలిచినప్పుడు పసివాడు తిరిగి చూడకపోతే, మగ్గాల మోతలో వినబడలేదేమో ననుకోవడం అక్కడ సహజం. మాటలు రాకపోతే, "మేనమామ పోలిక, వాడికీ ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దలు సరిపెట్టుకొంటారు. అమూల్యమైన కాలం ఆ విధంగా జారిపోతుంది.

మరమగ్గాల మోత ఏళ్ల తరబడి వినే కార్మికుని వినికిడిని హరించే మాట నిజమే. కాని పుట్టుచెవుడుకు కారణం అది కాదు. పెక్కు సందర్భాలలో అది జన్యువులలోనే ఉన్నది. నత్తగుల్ల వలె చుట్టుకొన్న లోచెవిలో, కణం నుండి కణానికి పొటాషియం సాగే సన్నని ద్వారాలను కనెక్సిన్-26 అనే మాంసకృత్తు నిర్మిస్తుంది. దాని జన్యువులోని లోపమే చెవుడుకు ఒక ముఖ్య కారణమని 1997లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. భారతీయులలో తరచు కనిపించే మార్పు వలన ఆ నిర్మాణం 24వ మెట్టు వద్దనే ఆగిపోతుంది.

ప్రతి వ్యక్తిలోనూ ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి: ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండవది పని నడుపుతుంది. లోపం ఇరువురిలోనూ ఉంటే, వారు చక్కగా వింటూనే ఉన్నా, ప్రతి కాన్పులోనూ చెవిటి బిడ్డ కలిగే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనత్త మేనమామ బిడ్డలకు జన్యువులలో ఎనిమిదింట ఒక వంతు ఉమ్మడిది; మేనమామకూ మేనకోడలికీ నాలుగింట ఒక వంతు. మేనరికంలో ప్రమాదం పెరగడానికి కారణమిదే. ప్రతి మేనరికమూ చెవుడు తెస్తుందని కాదు. తెచ్చినచోట, నింద తల్లిపై మోపడం మాత్రం అన్యాయం. లోపం ఇరువైపులా సమానంగానే వచ్చింది.

నిద్రించే పసికందు వినికిడిని సైతం నేడు నిమిషాలలో పరీక్షించవచ్చు. నెలలోగా పరీక్ష, మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా చికిత్స ఆరంభం కావాలని వైద్యులు చెబుతారు. వినికిడి యంత్రం చాలనివారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నది. 2014లో సవరించిన కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం నిరుపేద బిడ్డలకు ఆ శస్త్రచికిత్సకై సాయమందిస్తున్నది.

మగ్గం ఆగిన వేళ బిడ్డ వెనుక నిలిచి మెల్లగా పిలవండి. తిరిగి చూడకపోతే మరొక ఏడాది వేచి ఉండవద్దు. మరునాడే చెవి వైద్యుని చూడండి.