నాన్నకో పాటల పొట్లం

అమ్మ పోయాక నాన్నకూ నాకూ మధ్య ఫోన్లో మాటలు బాగా తగ్గిపోయాయి. 'తిన్నావా నాన్నా?' 'తిన్నాను.' 'మందులు వేసుకున్నావా?' 'ఊఁ.' అంతే! ఆ తర్వాత ఎవరు ముందు పెట్టేయాలా అని ఇద్దరం ఎదురుచూడటం.

మాటలు రానప్పుడు పాటలైనా పంపుదామనిపించింది. ఓ సెలవురోజు కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. షరతు ఒక్కటే... సినిమా పాట ఉండకూడదు. అవి ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు మరి! సినిమాతో పనిలేకుండా పాడేవాళ్లు సొంతంగా కట్టుకున్న పాటలే కావాలి. ఇప్పటి పిల్లలు 'ఇండీ' అంటారే, అవన్నమాట.

ఏరడం అనుకున్నంత తేలిక కాదు. అమెరికా మాజీ అధ్యక్షుడు ఒబామా 2019లో తనకు నచ్చిన పాటల జాబితాలో చేర్చిన ప్రతీక్ కుహాడ్ ఇంగ్లిషు పాట నాకు ప్రాణం. పెట్టి, మళ్లీ తీసేశాను. అది నా కోసం, ఆయన కోసం కాదు. 1996లో లక్కీ అలీ పాడిన 'ఓ సనమ్' ఉంచాను, టీవీలో అది వస్తే నాన్న పేపరు పక్కన పెట్టేవారు. ఇండియన్ ఓషన్ వాళ్ల 'కందీసా' (2000) కూడా. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థనాగీతం ఆధారంగా కట్టింది. భాష అరామిక్. ముక్క అర్థం కాకపోయినా మనసు నెమ్మదిస్తుంది. చివర్లో మన హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా' పాట 'ఊరెళ్లిపోత మామ' పెట్టాను. తర్వాత 'చిట్టి' పాటతో ఇంటింటికీ తెలిసిన రామ్ మిరియాల గొంతు అది. పట్నంలో ఉండలేక ఊరిని తలుచుకునే పాట.

పది పాటలూ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఊరెళ్తున్న బాబాయి చేతికిచ్చాను. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. నచ్చలేదేమో అనుకున్నా.

ఎనిమిదో రోజు ఆయనే ఫోన్ చేశారు. 'ఇవన్నీ మా లలిత గీతాల్లాంటివేరా. మాకు రేడియో పాడేది, మీకు ఫోను పాడుతోంది' అన్నారు. పాలగుమ్మి విశ్వనాథం 'అమ్మదొంగా' నుంచి మొదలుపెట్టి రజనీకాంతరావు పాటల దాకా వెళ్లారు. అమ్మ ఏ పాట ఎక్కడ తప్పు పాడేదో కూడా చెప్పారు. ఫోన్ చూసుకుంటే నలభై నిమిషాలు!

పెట్టేసే ముందు అడిగారు... 'ఆ ఆఖరి పాట నాకెందుకు పంపావురా? ఊళ్లో ఉన్నది నేనే కదా. వినాల్సింది నువ్వు!'

జవాబు చెప్పలేకపోయాను. శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

తెల్లారేసరికి వీధరుగు మీద నాన్న. చేతిలో నాలుగు మడతల కాగితం. అందులో ఆయన రాసిన పది పాటలు. అన్నీ లలిత గీతాలే. 'ఇవి దొరుకుతాయేమో చూడు' అన్నారు.

వెతుకుతున్నాను. ఇప్పటికి ఆరు దొరికాయి.