ఇంజిన్ చేయని పని చంద్రుడు చేశాడు

చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్ 2025 నవంబరు 6న, మళ్లీ 11న చంద్రుడి పక్కగా దూసుకుపోయింది. మొదటిసారి చంద్రుడి నేలకు 3,740 కిలోమీటర్ల దూరం, రెండోసారి 4,537. అప్పటిదాకా భూమి చుట్టూ లక్ష, మూడు లక్షల కిలోమీటర్ల మధ్య ఉన్న కక్ష్య 4.09 లక్షలు, 7.27 లక్షల కిలోమీటర్లకు విస్తరించింది. ఈ మార్పు తెచ్చింది చంద్రుడి ఆకర్షణే.

చంద్రుడి దగ్గర నిలబడి చూస్తే నౌక ఎంత వేగంతో వచ్చిందో అంతే వేగంతో వెళ్లిపోతుంది, దారి మాత్రం వంగుతుంది. కానీ చంద్రుడు కూడా భూమి చుట్టూ సెకనుకు దాదాపు కిలోమీటరు వేగంతో కదులుతున్నాడు. అందుకే చంద్రుడి వెనుకగా దాటిన నౌకకు భూమి లెక్కలో వేగం పెరుగుతుంది, ముందుగా దాటితే తగ్గుతుంది. ఎటువైపు నుంచి, ఎంత దగ్గరగా, ఏ క్షణాన దాటాలో తేల్చడమే అసలు విద్య.

2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ చంద్రుడిపై దిగాక కూడా, దాన్ని అక్కడిదాకా మోసుకెళ్లిన ఈ మాడ్యూల్‌లో వంద కిలోలకు పైగా ఇంధనం మిగిలింది. ఇస్రో దాన్ని వృథా పోనివ్వలేదు. అక్టోబరు 9న 150 కిలోమీటర్ల కక్ష్య గరిష్ఠ ఎత్తును 5,112కు పెంచింది. 13న భూమి దారి పట్టించింది. నాలుగుసార్లు చంద్రుణ్ని చుట్టివచ్చి నవంబరు 10న మాడ్యూల్ చంద్రుడి ఆకర్షణ పరిధి దాటింది. అది చంద్రుడిపై కూలకూడదు, భూస్థిర ఉపగ్రహాలుండే 36,000 కిలోమీటర్ల ఎత్తుకు దిగకూడదు. ఈ రెండు షరతుల మధ్యే దారి వెతికారు.

జపాన్ నౌక హితెన్ 1991లో సూర్యుడి ఆకర్షణనూ కలుపుకొని, కొద్దిపాటి ఇంధనంతో చంద్రుణ్ని చేరింది. పట్టిన కాలం నెలలు. మనుషులున్న నౌకకు ఈ ఆలస్యం పనికిరాదు. సరుకు మోసే నౌకకు మాత్రం మిగిలిన ప్రతి కిలో ఇంధనం అదనపు పరికరమో, అదనపు ఆయుష్షో అవుతుంది. అతి భారీ రాకెట్లు లేని మనకు ఈ గణితమే పెద్ద బలమని నా నమ్మకం.

ఆ గణితానికి తొలి మెట్టు మన పిల్లల దగ్గర ఉంది. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో దారి వెంట ఎన్నో కోచింగ్ బోర్డులు. లోపల ఇంటర్ పిల్లలు కెప్లర్ సూత్రాలు గడగడా చెబుతారు. అవి రెండు గోళాల లెక్కకే సరిపోతాయి. మూడోది చేరితే అన్ని సందర్భాలకూ పనికొచ్చే సులువైన సూత్రం లేదు, కంప్యూటర్‌పై అడుగడుగునా లెక్కించుకోవాలి. మామూలు ల్యాప్‌టాప్‌తో ఓ విద్యార్థి చేయగల పని ఇది. చంద్రయాన్-4 చంద్రుడి మట్టిని భూమికి తేవాలి, తిరుగు ప్రయాణపు లెక్కలు తెలిసినవాళ్లు ఇంకా కావాలి. ఇంటర్ బోర్డు ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మాడ్యూల్ చేసిన 2025 నవంబరు ప్రయాణాన్నే ఒక అభ్యాసంగా చేర్చాలి.