చేతి కష్టం ఎవరి సొత్తు?

పండుగ రోజులు, పెళ్ళి ముహూర్తాలు సమీపించగానే మన ఇళ్ళలో ఆడపిల్లలు పూసల డబ్బాలు తెరుస్తారు. జడ క్లిప్పులు, హెయిర్ బ్యాండ్లు, పెళ్ళికూతురి తలపై ఒక ప్రక్కకు వ్రేలాడే ఝూమర్‌లు వారి చేతుల్లో రూపు దిద్దుకుంటాయి. మా విద్యార్థినులలో ఒకరి తల్లి ఇటీవల ఒక మస్అలా పంపారు: "మా అమ్మాయికి 19 ఏళ్ళు. పూసల క్లిప్పులు అల్లి అమ్ముతున్నది. ఆ సొమ్మును ఇంటి ఖర్చుకు వాడుకుంటున్నాము. ఇది ధర్మసమ్మతమేనా?"

సమాధానానికి ముందు ఆ పని ఎటువంటిదో చూద్దాం. సుమారు 2 మిల్లీమీటర్ల గాజు పూసలను సన్నని రాగి తీగకు ఎక్కించి, తీగను మెలిపెట్టి, ఒక్కొక్క రేకుగా మలచాలి. అయిదు రేకులు కలిపి నడుమ ఒక పెద్ద పూసను నిలిపితే ఒక పువ్వు అవుతుంది. అటువంటి మూడు పువ్వులను క్లిప్పుపై కదలకుండా బిగించాలి. తీగ కొసలను లోపలికి మడవకపోతే పసిపిల్లల తలకు గుచ్చుకుంటాయి. ఇంత చేసేసరికి కళ్ళు అలుస్తాయి, మెడ పట్టేస్తుంది. ఇది కాలక్షేపం కాదు, కష్టం.

అయినా బంధువులు "ఇంట్లో కూర్చుని చేసిందే కదా!" అంటూ బేరమాడుతారు. సామగ్రికి 30 రూపాయలు, పనికి 2 గంటలు పట్టాయనుకుందాం. దానిని 40 రూపాయలకు ఇస్తే ఆ బిడ్డకు గంటకు దక్కేది 5 రూపాయలు. శ్రామికుని చెమట ఆరక మునుపే కూలి చెల్లించమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధ మన చుట్టాల బిడ్డకు వర్తించదా?

ఇక మస్అలా విషయం. పురుషులు సంపాదించినదానిలో వారికి, స్త్రీలు సంపాదించినదానిలో వారికి భాగమున్నదని దివ్య ఖుర్ఆన్ అన్-నిసా సూరా 32వ ఆయతు తెలుపుతున్నది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సతీమణి చేతిపనిలో నేర్పరి. తన సంపాదనను భర్తపై, పిల్లలపై ఖర్చు చేసేవారు. దానికి పుణ్యం లభిస్తుందా అని ఆమె అడుగగా, లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. సొంత ఇంటి కోసం వెచ్చించినా అది ఆమె ఖాతాలో పుణ్యంగా నమోదైనదంటే, ఆ ధనం ఆమెదే అన్నమాట. మనది కానిదానిని మనం దానం చేయలేము కదా!

కనుక అమ్మా, ముందుగా సొమ్ము అమ్మాయి చేతికివ్వండి. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే దుఆ చేసి స్వీకరించండి. అవసరానికి అప్పుగా తీసుకుంటే వ్రాసిపెట్టండి. అప్పును వ్రాసుకోవాలన్న ఆదేశం అల్-బఖరా సూరా 282వ ఆయతులో ఉన్నది. తల్లీకూతుళ్ళ మధ్య కాగితమెందుకని చిన్నబుచ్చుకోకండి. ఆ కాగితం వల్ల ప్రేమ తరగదు, మనసులో మాట పేరుకోదు.

అమ్మాయికీ ఒక మాట. హక్కుతోపాటు అమానతు కూడా ఉన్నది. ప్లాస్టిక్ పూసను ముత్యమని చెప్పి అమ్మకు. మదీనా బజారులో పైన పొడి ధాన్యం పోసి లోపలి తడిని దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించారు. పూస ఏదో, తీగ ఏదో ఉన్నదున్నట్లు చెప్పు. నీ గంటలకు కూడా ధర కట్టి, జంకు లేకుండా అడుగు. ధర్మసమ్మతమైన సంపాదనను అడిగి తీసుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.