‘ఖ్లోరోస్’ అను గ్రీకు మాటయు, మన పచ్చయు

ప్రాచీన గ్రీకులకు రంగులు సరిగా కనబడెడివి కావను మాట నేటికిని చావలేదు. పూర్వము పెద్ద గ్రంథములలో నుండిన యీ వాదము ఇప్పుడు మన పిల్లల చేతిఫోనులలో తిరుగుచున్నది. హోమరు మహాకవి తేనెకును, కట్టెకును, భయమునకును ఒకే రంగుమాట వాడెనట. కావున ఆ కాలపు మనుష్యుల కన్ను ఇంకను పక్వము కాలేదట! ఈ వాదము తప్పు. తప్పని తెలిసియు తెలుగువాడు దానిని విని ఊరకుండుట మరింత తప్పు. ఏలయన గ్రీకులమీద మోపిన ఆ నేరమును మనమీదను మోపువారు మన వీథులలోనే యున్నారు.

ఆ మాట ‘ఖ్లోరోస్’. నిఘంటువు తెరచినచో లేతపచ్చ, పసుపు, పాలిపోయినది, తడిగలది, క్రొత్తది అని అర్థములు వరుసగా కనబడును. ఇలియడ్ 11వ భాగమున నెస్టరు గుడారములో అతిథుల ముందుంచిన తేనె ఖ్లోరోస్. యుద్ధభూమిలో వీరులను పట్టుకొను భయము ఖ్లోరోస్. సాఫో అను కవయిత్రి ప్రేమతాపములో తాను గడ్డికంటెను ఖ్లోరోస్ అయితినని చెప్పుకొన్నది. యూరిపిడీసు నాటకములలో కన్నీరును ఖ్లోరోసే, చిందిన నెత్తురును ఖ్లోరోసే. ఎఱ్ఱని నెత్తురు ఆకుపచ్చ ఎట్లగును? పండితులకు తల తిరిగిన దిచ్చటనే.

1858లో గ్లాడ్‌స్టన్ హోమరును గూర్చి మూడు సంపుటముల గ్రంథము ప్రకటించెను. తరువాత నాలుగుమారులు బ్రిటిషు ప్రధానమంత్రి యైన వాడీతడే. హోమరునందు ఆయనకు గల భక్తి గొప్పది. దానిని నేను కాదనను. కాని ఆ గ్రంథపు చివరి భాగమున, వీరయుగపు గ్రీకులలో రంగును గ్రహించు శక్తి కొంతవరకే వికసించినదని తేల్చెను. 1867లో గైగర్ అను జర్మను పండితుడు మన ఋగ్వేదమును కూడ ఆ బోనులోనే నిలిపెను. అన్నిమారులు ఆకాశమును వర్ణించియు ఋషులు దానిని నీలమనలేదట. 1877లో మాగ్నస్ అను నేత్రవైద్యుడు మానవుని కన్నే తరతరములుగా ఎదిగి ఒక్కొక్క రంగును పట్టుకొన్నదని వ్రాసెను.

ఈ మేడ కూలుటకు ఎంతయో కాలము పట్టలేదు. గ్రాంట్ ఆలెన్ అను రచయిత దూరదేశములలోని మిషనరీలకును అధికారులకును ప్రశ్నలు పంపి, అక్కడి జనులు రంగులను చక్కగా గుర్తింతురని తెలిసికొని 1879లో ప్రకటించెను. మాగ్నస్ తానే రంగుల ముక్కలతో విచారణ చేయించి, రంగునకు పేరు లేకున్నను కంటికి రంగు కనబడునని 1880లో ఒప్పుకొనవలసి వచ్చినది. ఇక గ్రీకుల శిల్పములే సాక్ష్యము. వారు పాలరాతి విగ్రహములకు నీలిరాతి పొడియు, మలకైటు అను ఆకుపచ్చ రాతి పొడియు పూసిరి. కనబడని రంగును ఎవడైన శ్రమపడి నూరి పూయునా?

కన్ను సంగతి తీరినది. మాట సంగతి తీరలేదు. దీనికి నేను ఒడిస్సీ 9వ భాగమునే సాక్షిగా పిలుతును.

ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమసు గుహలో ఒలీవచెట్టు దుడ్డుకఱ్ఱ యొకటి పడియున్నది. ఇరువది తెడ్లు గల ఓడకు స్తంభమగునంత పొడవు. అది ఖ్లోరోస్ అని కవి చెప్పును. ఎండిన పిదప చేతబట్టి తిరుగుటకై రాక్షసుడు దానిని నరికి పెట్టుకొనెననియు చెప్పును. ఒడిస్యూసు దానినుండి ఒక బారెడు ముక్క నరికి సహచరులకిచ్చెను. వారు చెక్కి నునుపు చేసిరి. అతడు కొన వాడిచేసి నిప్పులో కాల్చి పేడక్రింద దాచెను. రాత్రి రాక్షసుడు మద్యము త్రాగి పడిపోగా ఆ కఱ్ఱను మరల నిప్పులో పెట్టిరి. అది ఖ్లోరోస్ అయ్యును అంటుకొనబోవుచు భయంకరముగా జ్వలించెనట. పాఠకులు ఆలోచింపవలెను. చెక్కి నునుపు చేసిన కఱ్ఱకు ఆకుపచ్చ రంగెక్కడిది? బెరడెప్పుడో పోయినది. పైగా ఒకసారి కాల్చి నల్లబరచిన కొన! రంగు గలదైనను అంటుకొనబోయెను అనుటలో అర్థము లేదు. తడి ఆరనిదైనను అంటుకొనబోయెను అనుటలో అర్థమున్నది. పొయ్యి ముందు కూర్చున్న మన అవ్వను అడిగినచో ఒక్కమాటలో చెప్పియుండును: అది పచ్చికట్టె.

గ్లాడ్‌స్టన్‌కు తన యెస్టేటులో గొడ్డలి పట్టి చెట్లు కొట్టుట గొప్ప సరదా. ఇంగ్లీషువారును ఆరని కట్టెను ‘గ్రీన్’ అనియే అందురు. చేతిలోని గొడ్డలికి తెలిసినది కలమునకు తెలియకపోవుట వింత.

1974లో ఎలినార్ అర్విన్ అను విదుషి గ్రీకు కవిత్వమందలి రంగుమాటలపై వ్రాసిన గ్రంథమున ఖ్లోరోస్‌నకు తడి, జీవరసము అను అర్థములే ముఖ్యమని వాదించెను. కాదు, మూలమున రంగే అని ధాతువును చూపువారున్నారు. ఈ పోరు మనకు చోద్యముగా లేదా? పచ్చిక, పచ్చిపాలు, పచ్చికట్టె, పచ్చిపుండు, పచ్చినెత్తురు, పచ్చిబాలింత అని పుట్టినది మొదలు వినుచున్న మనకు, రంగా తడియా అను ప్రశ్నయే పుట్టదు. చెట్టునుండి అప్పుడే తెగినదానికి రంగును తడియు ఒక్కటిగానే యుండును. ఆకు పచ్చ, పసుపు పచ్చ, మరకతము పచ్చ. కామెర్లును పచ్చవే.

రెండు మాటలును అన్నిట సరిపోవునని నేననను. భయపడినవాని ముఖము మనకు తెల్లబోవును, గ్రీకులకు ఖ్లోరోస్ అగును. మనము పచ్చగా నుండుమని దీవింతుము. వారి మాట రోగి ముఖమునకును అంటును. బైబిలు చివరి గ్రంథమున మృత్యువు ఎక్కిన గుఱ్ఱము ఖ్లోరోస్, ఆ గ్రంథమందే గడ్డియును ఖ్లోరోస్. అనువాదకులు గడ్డికి ఒక మాట, గుఱ్ఱమునకు వేరొక మాట వేసికొని గట్టెక్కిరి. వారిని నేను తప్పుపట్టను.

ఖ్లోరోస్‌నకు బంధువు మన పచ్చ కాదు. సంస్కృతమందలి ‘హరి’ శబ్దము. దాని సంతతిని చూడుడు: హరితవనము ఆకుపచ్చ, హరిద్ర పసుపు, హరితాళమును పసుపే. ‘పచ్చ’ ద్రావిడ ధాతువు. ఏ చుట్టరికమును లేని రెండు భాషాకుటుంబములు ఒకే దారి నడచినవనిన, అది కంటి లోపమో బుద్ధి లోపమో కాజాలదు. పసుపుకొమ్మును కరివేపాకును కలిపివేసిన తెలుగు ఇల్లాలిని ఎవరైన చూచిరా?

ఇది ఇంత గట్టిగా వ్రాయుటకు కారణము చెప్పెదను. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గుమాస్తాగిరిలో తల నెరిసినవాడను. మా హోసూరు వైపున తమిళము, కన్నడము, తెలుగు ఒకే వీథిలో వినబడును. ఒక పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు మన పిల్లవానితో, “మీ భాషలో మంజళ్‌కును పచ్చైకిని మాట ఒకటేనటకదా!” అని నవ్వెనట. ఆ పిల్లవాడు ఇంటికి వచ్చి తల్లితో ‘ఎల్లో’, ‘గ్రీన్’ అనుటకు మొదలుపెట్టెను. ఆ తల్లియు సరే అన్నది. నాకు బాధ కలిగినది ఆ నవ్వునకు కాదు, ఈ సరేకు.

ఆ ఉపాధ్యాయునికి జవాబు ఆయన భాషలోనే యున్నది. పచ్చై ఆకుపచ్చ కాదా? ఉడికింపని వడ్ల బియ్యము పచ్చరిసి కాదా? కాచని నీరు పచ్చై తణ్ణీరు కాదా? మన పాలు కన్నడమున హాలైనట్లే పచ్చి ‘హసి’ అయినది. దాని ప్రక్కనే ఆకురంగునకు ‘హసిరు’ నిలిచియున్నది. ముగ్గురిదియు ఒకే ఇల్లు. మనము పసుపునకును ఆ గదిలోనే చోటిచ్చితిమి, అంతే.

శాస్త్రజ్ఞులును ఈ మాటను విడువలేదు. 1810లో డేవీ పసుపు కలిసిన ఆకుపచ్చ వాయువునకు క్లోరిన్ అని పేరు పెట్టెను. 1817లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆకునకు పచ్చదనమిచ్చు పదార్థమును క్లోరోఫిల్ అనిరి. ఆ పదార్థము తగ్గి ఆకు పసుపుబారు తెగులునకు క్లోరోసిస్ అని పేరు. సున్నపు నేలలో ఇనుము అందక వేరుసెనగ ఆకు పాలిపోయినప్పుడు వ్యవసాయాధికారి వ్రాయునది ఆ మాటయే. ఆకుపచ్చకు అదే పేరు, ఆ పచ్చ పోయి వచ్చిన పసుపునకును అదే పేరు! దీనిని చూచి శాస్త్రజ్ఞులకు కన్నులు లేవని ఎవరును అనలేదు.

ఈ సంచికను చదువు తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటే. పిల్లవాడు పచ్చ అనగానేమని అడిగినప్పుడు ‘గ్రీన్’ అని చెప్పి పంపివేయకుడు. పెరటిలోనికి తీసికొనిపోయి అప్పుడే విరిచిన వేపపుల్లను వాని చేతికిండు; గోటితో బెరడు గీరి తడి చూడుమనుడు. పిదప వంటింటిలోని పసుపును చూపుడు. ఆ రాత్రికి పాలిఫీమసు కథ చెప్పుడు.