మందుపంపులకు లిథియము బ్యాటరీలు

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులలో వీపున మోయు బ్యాటరీ పంపు లేనివారు నేడు అరుదు. క్యారెట్టు, బీటురూటు, టమాట, ఆకుకూరలు పండించువారికిని, గులాబీ, చామంతి తోటలవారికిని ఇది పారతో సమానమైన పనిముట్టయ్యెను. ఒకచేత పిడి ఆడించుచు, రెండవచేత గొట్టము పట్టి మందు చల్లిన కాలము నెఱిగినవారు ఈ పంపును ఎంత మెచ్చుకొన్నను తప్పులేదు. ఇప్పుడు ఆ పంపు అడుగుననుండు సీసపు బ్యాటరీని తీసివైచి, దాని స్థానమున లిథియము బ్యాటరీని పెట్టించుకొను వాడుక గ్రామములందు పెరుగుచున్నది. సభ్యులు పలువురు ఈ విషయమున మా అభిప్రాయమును అడుగుచున్నారు. మార్చుట మంచిదనియే మా అభిప్రాయము. మార్చుచున్న తీరు మాత్రము మాకు నచ్చలేదు.

మొదట బరువు సంగతి. 16 లీటర్ల పంపులో సాధారణముగానుండు 12 వోల్టుల, 8 ఆంపియరు గంటల సీసపు బ్యాటరీ ఇంచుమించు రెండున్నర కిలోలు తూగును. దాని పనిని చేయగల 6 ఆంపియరు గంటల లిథియము ఫాస్ఫేటు బ్యాటరీ ఒక కిలోకు లోపుగానే యుండును. కిలోన్నర భేదము ఇంట కూర్చున్నవానికి లెక్కలోనిది కాదు. ఎకరమునకు 200 లీటర్ల మందునీళ్లు చల్లుమని చెప్పుదురు గదా. అనగా 12, 13 ట్యాంకులు. నిండిన పంపును అన్నిసార్లు వీపునకెత్తుకొని, తడి సాళ్లనడుమ నడచు మనిషి భుజమునడిగినచో ఆ కిలోన్నర విలువ తెలియును. మందు చల్లు పనిని రైతు తాను చేయుట తగ్గి కూలీల పాలగుచున్నది గనుక, బరువు విషయమున మనకు శ్రద్ధ తక్కువయ్యెనేమోయని అప్పుడప్పుడు మాకు తోచుచుండును.

6 ఆంపియరు గంటలది 8 ఆంపియరు గంటల దానితో ఎట్లు సమానమగునని పలువురు సందేహించుచున్నారు. సందేహము న్యాయమైనదే. సీసపు బ్యాటరీమీద వ్రాసియుండు 8 అను సంఖ్య, 20 గంటలపాటు మెల్లమెల్లగా శక్తిని తీసికొన్నప్పుడు వచ్చు లెక్క. మన పంపు మోటారు అట్లు మెల్లగా తాగునది కాదు. 2, 3 ఆంపియర్లు గుంజును. అంత వడిగా తీసినప్పుడు సీసపు బ్యాటరీ ఆ 8ని పూర్తిగా ఈయజాలదు. ఇచ్చినంతవఱకును గుంజుకొన్నచో దాని ఆయువు తరుగును. అడుగంట వాడినయెడల రెండు మూడువందల సార్లకే అది చేవ చచ్చుచుండును. లిథియము ఫాస్ఫేటు బ్యాటరీ తనమీద వ్రాసిన దానిని ఇంచుమించు అంతయు ఇచ్చును. మంచి సెల్లులతో చేసినదైనచో వేయి సార్లకు పైబడి, రెండువేల సార్లవఱకును నింపుకొనవచ్చును.

మందు సమముగా పడుట రెండవ లాభము. దీనిని బరువుకంటెను పెద్దదిగా మేము ఎంచుచున్నాము. సీసపు బ్యాటరీ ఖాళీయగుకొలది దాని వోల్టులు దిగజారును, మోటారు మందగించును, నాజిలు వద్ద ఒత్తిడి తగ్గి, మంచువలె రావలసిన మందు చినుకులై రాలును. ఉదయము చల్లిన సాళ్లలో పురుగు చచ్చి, చివరి సాళ్లలో నిలిచినప్పుడు మందుల దుకాణమువానిని తిట్టుట మన యలవాటు. దోషము ఒక్కొక్కప్పుడు వీపుననే యుండును. లిథియము బ్యాటరీ మొదటినుండి ఇంచుమించు చివరవఱకు ఒకే వోల్టులనిచ్చుటచేత ఈ భేదము రాదు.

ఐతే ఈ గుణముతోనే ఒక చిక్కు గలదు. సీసపుది అలసిపోవుచు ముందుగా తెలియజేయును. లిథియముది చెప్పక ఆగును. లోపలనుండు రక్షకపలక, బజారులో బి.ఎం.ఎస్. అని పిలుచునది, బ్యాటరీ అడుగంటగానే తీగను తెగగొట్టినట్లు ఆపివేయును. సాలు నడుమ పంపు నిలిచిపోయెను గనుక కొత్త బ్యాటరీ చెడిపోయెనని తిరిగి దుకాణమునకు పరుగెత్తినవారిని మేమెఱుగుదుము. పంపుమీదనుండు సూదిమీటరును కూడ నమ్మరాదు. అది సీసపు బ్యాటరీ వోల్టులనుబట్టి గీతలు గీసినది. లిథియముతో ఖాళీయగుటకు కొంచెము ముందువఱకును నిండుగానే చూపించును. ఒక్క నింపుడుకు ఎన్ని ట్యాంకులు వచ్చుచున్నవో మొదటి వారము లెక్క వ్రాసికొని, ఆ లెక్కకు రెండు ట్యాంకులు తక్కువగా పని పెట్టుకొనుట మేలు.

ఇక ఎవరు మార్చవలయును, ఎవరు మార్చనక్కఱలేదు? గులాబీ తోటవారికిని, కూరగాయల వారికిని సంవత్సరమున వందసార్లు బ్యాటరీ నింపు పని పడును. లిథియముది వెల సీసపుదానికి ఇంచుమించు రెట్టింపైనను, వీరికి సీసపువి రెండు మూడు మార్చునప్పటికిని అది బ్రదికియే యుండును. పంపే ముందుగా అరిగిపోవచ్చును. కంది, పత్తి, జొన్న వేయువారి సంగతి వేఱు. వీరి పంపు వర్షకాలములో కొన్ని దినములాడి, తరువాత నెలలతరబడి కొట్టములో మూల పడియుండును. వీరి సీసపు బ్యాటరీ పనిచేత చావదు, పనిలేమిచేత చచ్చును. ఖాళీగా విడిచిపెట్టిన సీసపు పలకలమీద తెల్లని సల్ఫేటు గట్టిపడి, మరల నింపినను ఎక్కదు. ప్రతిసంవత్సరము తొలకరికి కొత్త బ్యాటరీ కొనుచున్నామని మొఱపెట్టువారిలో చాలమంది ఈ తెగలోనివారే. వారికి మేము చెప్పునది ఖర్చులేని మందు: పని ముగిసిన దినమున నిండుగా నింపి, తరువాత నెలకొకసారి మరల నింపవలయును. ఇది చేయలేనివారు లిథియముకు మారుట తప్పు కాదు. దానిని సగము నింపి, నీడపట్టున నుంచి, మూడు నెలలకొకసారి చూచుకొన్నచో చాలును.

ట్రాక్టరు సెల్ఫు బ్యాటరీని కూడ మార్చవచ్చునాయని యొకరిద్దరడిగిరి. అక్కఱలేదు. దానిని క్షణకాలము గట్టిగా గుంజి, వెంటనే ఇంజనే నింపును. ఆ పనికి సీసపుదే చవుక, అదియే మొండిది.

ఇప్పుడు మార్చుచున్న తీరులోని దోషమునకు వత్తుము. విదేశములందు కారు వెనుక తగిలించుకొని విహారమునకు పోవు ఇంటిబండ్లు గలవు. వాటిలో దీపములకు, పెట్టెలకు వాడు సీసపు బ్యాటరీలను అక్కడివారును ఇట్లే లిథియముకు మార్చుకొనుచున్నారు. వారికి నిపుణులు మొదట చెప్పు మాట, చార్జరును చూచుకొనకుండ బ్యాటరీని మార్చవలదని. మన బండ్లు క్యారెట్టు మూటలు మోయునవి, మన బ్యాటరీ పిడికెడంత. ఐనను మాట అదే. మన గ్రామములలో బ్యాటరీని మార్చి, పంపుతో వచ్చిన పాత చార్జరునే తగిలించుచున్నారు.

లిథియము అను పేరుతో రెండు జాతులు అమ్ముచున్నారని సభ్యులు తెలిసికొనవలయును. మీద 12.8 వోల్టులని యున్నచో అది ఫాస్ఫేటు జాతి: 3.2 వోల్టుల సెల్లులు నాలుగు. 11.1 లేక 10.8 అని యున్నచో రెండవ జాతి సెల్లులు మూడు. ఈ రెండవ జాతిలో ఒక్కొక్క సెల్లుకు 4.2 వోల్టులు మించి ఎక్కించరాదు, మూడింటికి 12.6. సీసపు చార్జరు 14 వోల్టులు దాటించును. నడుమ రక్షకపలక మంచిదైనచో అది ఆపును. పలక నాసిదైనను, అసలే లేకున్నను, సెల్లులు ఉబ్బి, పొగలెగసి, మంట పుట్టవచ్చును. ఫాస్ఫేటు జాతికి హద్దు 14.6 వోల్టులు, సీసపు చార్జరు దానికి దగ్గరగా నుండును గనుక కొందఱు అదియే చాలునందురు. మంచి చార్జరైనచో కొన్నాళ్లు గడచునేమో. పంపులతోవచ్చు చవుక చార్జర్లలో కొన్నిటికి హద్దుండదు. రాత్రి తగిలించినది తెల్లవారువఱకు గుద్దుచునే యుండును. కావున ఏ జాతియైనను దాని చార్జరు దానికే యుండవలయును.

మన సభ్యుడొకరు పట్టణపు అంగడిలో పేరులేని బ్యాటరీ నొకదానిని చవుకగా దొరకెనని తెచ్చుకొనిరి. మూడవ నెలలో అది పంపు అడుగు మూతను పైకి నెట్టునంతగా ఉబ్బెను. విప్పి చూడగా పాత సెల్లులను కొత్త నీలికాగితములో చుట్టియుండిరి. రక్షకపలక జాడయే లేదు. అమ్మినవాడు రసీదు ఈయలేదు, మనవారు అడుగలేదు. అదృష్టవశమున అది పగటివేళ పొలములో బయటపడెను. రాత్రివేళ ఆ ఇంట చార్జరు తగిలించు చోటు, వరిగడ్డి వామునకు నాలుగడుగుల దూరము.

ఇది అతిభయమని యెవరైన ననుకొన్నయెడల, 2022 సెప్టెంబరులో సికిందరాబాదులో జరిగినది జ్ఞాపకము చేయుదుము. విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన మంటయు పొగయు పై అంతస్తుల వసతిగృహమును కమ్మి 8 మంది ప్రాణములు తీసెను. స్కూటరు బ్యాటరీ పెద్దది, మనది చిన్నది. స్వభావము వేఱు కాదు. ఫాస్ఫేటు జాతి వేడికి మిక్కిలి తాళునది గనుక మేము దానినే కొనుమనుచున్నాము. ఏదైనను గడ్డివద్దను, పురుగుమందుల డబ్బాలవద్దను, పిల్లలు పండుకొను గదిలోను నింపరాదు. ఎండలో పనిచేసి వచ్చిన బ్యాటరీని వెంటనే నింపక చల్లారనీయవలయును. వైశాఖమాసపు రేకుల కొట్టములో దాచరాదు. పంపును కడిగినపుడు తీగల మొనలకు నీరు తగులకుండ చూచుకొనవలయును.

తీసివైచిన సీసపు బ్యాటరీల గతి యేమి? ఈ ప్రశ్నను మమ్మెవరును అడుగలేదు. పాతసామానులవాడు వచ్చి నాలుగు రూకలిచ్చి పట్టుకొనిపోవును. కొన్ని గెనెముమీద పగిలి పడియుండును. లోపలిది గంధకామ్లము, సీసము. పెంటలకాడ సీసమును కరగించు వారి పొగ మొదట తగులునది పసిపిల్లల మెదడునకు. సీసము ఇంత స్వల్పమైనచో హానిలేదని చెప్పదగిన హద్దేదియు వైద్యశాస్త్రము కనుగొనలేదు. మన పొలములు మామూలు పొలములు కావు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ మన ప్రాంతము మీదుగానే ఉస్మాన్‌సాగరమున చేరుచున్నది. 1908 వరద తరువాత కట్టి 1920లో ముగించిన ఆ చెఱువు నీరు పట్టణము త్రాగినది. దాని పరీవాహము కొఱకు 84 గ్రామములకు వర్తించునట్లు 1996లో వచ్చిన 111వ సంఖ్య ఉత్తరువుమీద మనలో జరిగిన వాదములు అందఱెఱిగినవే. ఆ ఉత్తరువు ఉండిన నేమి, పోయిన నేమి, ఆమ్లమును వాగులో ఒంపు హక్కు మనకెన్నడును లేదు.

సీసపు బ్యాటరీలను అమ్మినవారే తిరిగి తీసికొనవలెనను నిబంధనలు 2001 నుండియు గలవు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు లిథియముతో సహా అన్ని జాతులకును ఆ బాధ్యతను తయారుచేయువారిమీద మోపినవి. సీసపుదానికి పాతదైనను తూకము వెల గలదు గనుక దుకాణములు సులభముగా తీసికొనును. చచ్చిన లిథియముదానిని మన బజారులో తీసికొనువాడు నేడు కానరాడు. కొనునప్పుడే ఆ షరతు వ్రాయించుకొననిచో తరువాత అడుగుటకు నోరుండదు.

ఒంటరి రైతు ఈ షరతులను వ్రాయించుకొనజాలడు. కాగితము చింపి లోపలి సెల్లులను చూపుమని దుకాణమువానిని ఎవడడుగగలడు? బజారులోని బ్యాటరీలలో చాలవఱకు విదేశపు సెల్లులను తెచ్చి చిన్న దుకాణములలో కూర్చినవే. మీది పేరు ఒకరిది, లోపలిది మఱియొకరిది. తిరుపతి యొద్ద సీసపు బ్యాటరీలు చేయుచున్న అమరరాజా సంస్థ మహబూబునగరు జిల్లా దివిటిపల్లిలో లిథియము కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిపించినది. ఇరుగుపొరుగు జిల్లాలో చేయు సెల్లు మన పంపులోనికి వచ్చు దినము వచ్చినపుడు సంతోషింతుము. అంతవఱకు చూచి కొనవలసిన భారము కొనువారిదే. ఎరువులను, విత్తనములను కలసి కొనుచున్న సంఘము బ్యాటరీలను మాత్రము సభ్యులెవరికి వారే కొనుమని విడిచివేయుట మాకు సరిగా తోచలేదు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. 12.8 వోల్టుల ఫాస్ఫేటు బ్యాటరీలను, వాటి చార్జర్లతో సహా, సంఘము మొత్తముగా కొనవలయును. వచ్చిన సరకులో ఒకదానిని విప్పి చూచి, మఱి రెండింటిని నింపి ఖాళీచేసి, వ్రాసినన్ని ఆంపియరు గంటలు వచ్చినపిమ్మటనే రొక్కము చెల్లింపవలయును. రెండేండ్ల హామీని, చచ్చినదానిని తిరిగి తీసికొను షరతును రసీదుమీదనే వ్రాయింపవలయును. కొత్తది కావలసిన సభ్యుడు పాత సీసపుదానిని గోదాములో అప్పగించినచో, తూకము వెల అతని లెక్కలో జమకట్టవలయును. చవుకది వేఱుచోట దొరకుచుండగా ఇంత తతంగమేలయని కొందఱనవచ్చును. వారు ఉబ్బిన ఆ బ్యాటరీని కార్యాలయములో చూడవచ్చును. దానిని ఇసుకతో నింపిన తొట్టిలో ఆరుబయట ఉంచితిమి.

పంపులుగల సభ్యులు తమ పంపు లీటర్లను, బ్యాటరీ కొలతలను కార్యదర్శికి ముందుగా వ్రాసి పంపగోరుచున్నాము. కొన్ని పంపుల అరలు ఇఱుకుగా నుండుటచేత కొలత తెలియనిదే బేరము చేయజాలము. పాత బ్యాటరీలను సమావేశపు దినముననే తేవచ్చును. పగిలినవానిని చేసంచిలో వేసికొని రాక, ప్లాస్టికు తొట్టిలో నిలువుగా నుంచి తేవలయును.